నా పెళ్లిలో నల్లబెల్లం

రెండోసారి సబ్బు పెట్టి కడిగినా వేళ్లకు జీలకర్ర, బెల్లం వాసన పోలేదు. పొద్దున మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి పెళ్లికి వెళ్లొచ్చాను. వాళ్లిల్లు బన్సీలాల్‌పేటలో, పెళ్లేమో ఊరి బయట రిసార్టులో. ఇప్పుడది మామూలే. ఈ వాసన తగిలితే చాలు, నాకు వసంతక్క గుర్తొస్తుంది. గుర్తొచ్చిన వెంటనే కడుపులో కాస్త మండుతుంది కూడా.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుమీదున్న రోజుల్లో, సికింద్రాబాదులో నా మొదటి ఆఫీసులో ఆవిడ మా టీమ్ లీడర్. తిరుమలగిరిలో పుట్టి పెరిగిన మనిషి. మేము శ్రీకాకుళం నుంచి వచ్చి కాప్రాలో స్థిరపడ్డవాళ్లం. నాకు సంబంధం కుదిరినప్పుడు పెళ్లికొడుకు గోవాలో, సముద్రం ఒడ్డున చేసుకుందామన్నాడు. డెస్టినేషన్ వెడ్డింగ్ అన్న మాట అప్పుడప్పుడే వినిపిస్తోంది. మా బంధువుల్లో అలాంటి పెళ్లి నాదే మొదటిది. ఆ గొప్పంతా గోవాలో దిగేదాకా నా ఒక్కదానిదే.

ముహూర్తం దగ్గరపడ్డాక అమ్మ సంచులన్నీ తిరగేసి కూలబడింది. జీలకర్ర, బెల్లం నూరి పెట్టిన డబ్బా కాప్రాలో ఫ్రిజ్ మీదే ఉండిపోయింది.

"ఇంకేటి చేస్తామే, ముహూర్తం దాటిపోతాది" అని ఏడుపు మొదలుపెట్టింది. నేను గౌరీపూజలో కూర్చున్నాను, లేవడానికి లేదు.

మా ఆఫీసు నుంచి పెళ్లికొచ్చిన వసంతక్క అమ్మ చెయ్యి పట్టుకుంది. "పరేషాన్ గాకుండ్రి అమ్మా. లేనిదాన్ని ఇడిచిపెట్టుండ్రి. ఈడ ఏమున్నదో జెర చూద్దాం."

రిసార్టు వంటింట్లో జీలకర్ర దొరికింది. బెల్లం మాత్రం అక్కడివాళ్లు వాడే కొబ్బరిచెట్టు బెల్లం, కారునలుపు. ఆవిడే స్టీలు గ్లాసు అడుగుతో నూరి తెచ్చింది.

మంటపంలో సముద్రపు గాలికి అడ్డుతెర ఎగిరి పంతులుగారి మొహానికి చుట్టుకుంది. ఆ సందులో మేమిద్దరం ముందే ఒకరినొకరు చూసేసుకున్నాం. తలల మీద పెట్టుకున్న నల్లబెల్లం ఎండకు కరిగి నుదుళ్ల మీదికి కారింది. ఫోటోల్లో ఇద్దరం తారురోడ్డు వేసి వచ్చినవాళ్లలా ఉంటాం. అందరూ నవ్వుతుంటే వసంతక్క తడిరుమాలుతో మా మొహాలు తుడిచింది. మూడు ముళ్లు పడ్డాక నా భర్త నోట నేను విన్న మొదటి మాట "థాంక్స్ అక్కా" అన్నది. మా అత్తగారు నా చెవి దగ్గరికి వంగి, "ఆ పిల్లకి పెళ్లయిపోనాదేటమ్మా?" అని అడిగింది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు పెళ్లి నాది, పేరు ఆవిడది. అప్పగింతలప్పుడు అమ్మ ముందుగా పట్టుకుని ఏడ్చింది కూడా ఆవిడనే. నేను పక్కన నిలబడి నా వంతు కోసం ఎదురుచూశాను.

ఆఫీసుకు తిరిగొచ్చాక ఆవిడలో ఏదో ఒక తప్పు పట్టుకుని తీరాలనుకున్నాను. క్లయింటు ఫోనులో అరుస్తున్నప్పుడు ఆవిడ మొహమే చూసేదాన్ని. ఆవిడ చివరిదాకా వినేది. తర్వాత ఈరోజు ఏం చేయగలమో అదొక్కటే చెప్పేది. ఎంత కాపలా కాసినా తప్పు దొరకలేదు, పని మాత్రం పట్టుబడింది.

ఒకరోజు ఆవిడే అడిగింది. "ఏందే, పొద్దుగాల నుంచి నన్నే చూస్తున్నవ్?"

"ఏం లేదక్కా."

"చూస్తే చూసినవ్ గని, పనికొచ్చేది చూడు."

ఇంకో కంపెనీకి వెళ్లిపోతూ తన కుర్చీ నాకే ఇమ్మని పైవాళ్లకు చెప్పింది. ఆరోజు ఆఫీసంతా కళ్లు తుడుచుకుంటుంటే, నేను మానేస్తే ఇందులో ఎంతమంది ఏడుస్తారా అని చుట్టూ చూశాను.

ఆ తర్వాత ఎవరి పెళ్లికి వెళ్లినా నా హ్యాండ్‌బ్యాగులో జీలకర్ర, మంచి పసుపురంగు బెల్లం పొట్లం కట్టి పెట్టుకుంటాను. ఇన్నాళ్లూ దాని అవసరం పడలేదు. ఈ పొద్దున పెళ్లికూతురి తల్లి చేతిలోంచి జీలకర్ర బెల్లం గిన్నె జారి మట్టిలో పడింది. నేను పొట్లం విప్పి, గ్లాసు అడుగుతో నూరి ఇచ్చాను. ముహూర్తానికి అందింది.

ఆ తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది. "గివన్నీ మీకు ఎవరు నేర్పిండ్రమ్మా?"

"వసంతక్క అని, నా పాత లీడర్" అన్నాను.

"అయ్యో, ఆమెను సుత తోలుకొస్తే ఎంత బాగుండె" అంది.

పొట్లం నాది, నూరిన చేతులు నావి. అయినా వసంతక్క గనక వచ్చి ఉంటే, ఆ తల్లి పట్టుకునేది నా చేతులు కాదు.