బావ వదులుకున్న తీపి

మా అక్క భర్త, మా బావ, ఇక లేడని మొన్న శనివారం కోస్గి నుంచి కబురు వచ్చింది. ప్రియులారా, అక్కడి ప్రార్థన గుడిలో హార్మోనియం వాయించింది ఆయనే. మరణానికి ముల్లు లేదని ఎన్నో సమాధుల దగ్గర గర్జించిన నేను, ఆ కబురు విని తెరిచిన బైబిలు మూసి పక్కన పెట్టాను.

ఆ హార్మోనియం పెట్టెలో గాలికి పలికే ఇత్తడి రీడ్లను ఆయన తన చేతులతో ఆకురాయి పట్టి, అక్క పాడే పై శ్రుతికి కలిపాడు. ఆ ఒక్క శ్రుతిలో స్వరాలు తేనెలా కలిసిపోయేవి. వేరే మెట్టు నుంచి ఎత్తుకుంటే నక్క ఊళే! అందుకని గుడి గుడంతా అక్క శ్రుతిలోనే పాడాలి. అందనివాళ్లు పెదవులు కదిపేవాళ్లు.

నేను ఊరుకుంటానా? "బావా, వేరువేరు తూనికరాళ్లు దేవునికి అసహ్యం. పట్నం గుడిల పియానో లెక్క అన్ని మెట్లు సమానం చెయ్యి. ఎవలు యాడికెళ్లి ఎత్తుకున్నా పాట సాగాలె" అనేవాణ్ణి.

"సమానం జేస్తె అన్నిట్ల జర్రంత వణుకు వస్తది. తీపి పోతది. దేవుడు నీ నోట్ల నిప్పు వెట్టిండు గని బామ్మర్దీ, చెవులు వెట్టుడు మరిసిండు" అని నవ్వేవాడు.

ఒక వానాకాలం అక్కకు జ్వరం పట్టింది. దవాఖాన నుంచి వచ్చేసరికి గొంతు దిగిపోయింది. ఆదివారం పాట మొదలైతే, వెనక వరుసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"పాడవేందే?" అన్నాడు బావ.

"నీ పెట్టె నాకు అందుతలేదు. అందెటోళ్లను పాడుమను."

బావ చేతులు ఆగిపోయాయి. ఆమె చుట్టూ ఉత్త పెదవులు కదిపేవాళ్లు ఎందరున్నారో ఆనాడే చూశాడు.

మర్నాడు ఆకురాయి తీశాడు. నాకే మనసొప్పలేదు. "అక్క కొత్త గొంతుకే కలుపు బావా, తీపి ఉంటది" అన్నాను.

"మల్ల మిగిలినోళ్లు నోరు మూసుకోవాలెనా? లోయలు పూడాలె, గుట్టలు అణగాలె అని ఒర్రేది నువ్వే గద!"

ఒక్కో రీడును కొసన గీకి శ్రుతి ఎక్కించాడు, మొదలు దగ్గర గీకి దింపాడు. ప్రతి స్వరానికీ మొహం చిట్లించాడు. చెయ్యి మాత్రం ఆపలేదు. వచ్చిన ఆదివారం అక్క కింది మెట్టు నుంచి ఎత్తుకుంది. వెనక వరుసంతా ఆమెతో లేచింది.

ఇప్పుడు ఒక సంఘ పెద్ద, హార్మోనియం బాగుచేసే మేస్త్రీని పిలిచి ఆ వణుకు తీయిద్దామంటున్నాడు. నేను బతికుండగా ఆ పెట్టెకు ఆకురాయి తగలదు.

సమాధి దగ్గరికి ఆ పెట్టెను తెప్పించి, అక్క తానే గాలితిత్తి ఊపుతూ రెండు మెట్లు నొక్కిపట్టింది. రెండు స్వరాల నడుమ సన్నటి వణుకు. అది ఆగేదాకా మాలో ఎవ్వరమూ మట్టి వేయలేదు.