పత్తికొండ గుండు మీద రీడింగు

కర్నూలులో మా చెల్లెలి అత్తవారింటి హాల్లో ఆ ఆదివారం మధ్యాహ్నం ఉన్నవాళ్లు: మా చిన్నమ్మ, చిన్నాయన, ఏడో నెల కడుపుతో ఉన్న వాళ్ల కూతురు (నేను చెల్లెలు అంటున్నది ఈమెనే), ఆమె భర్త, ఆమె అత్త, నేను. ఉన్న వస్తువులు: చర్చి నుంచి వచ్చి బల్ల మీద పెట్టిన రెండు బైబిళ్లు, చిన్నమ్మ రాయచోటి నుంచి మోసుకొచ్చిన అరటిపండ్లు, ఇంకా మడత విప్పని చీర, అత్త చేతిలో సెల్‌ఫోను, ఫోనులో ఒక వీడియో. నా బ్యాగులో రేడియేషన్ మీటరు. చెల్లెలి అత్తను నేను కూడా అత్తా అనే పిలుస్తాను కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.

చిన్నమ్మ వచ్చిన పని ఒకటే, కూతురిని కాన్పుకు పుట్టింటికి తీసుకుపోవడం. మా వైపు తొలి కాన్పు తల్లిగారింట్లోనే జరగాలి. ఏడో నెలలో తీసుకుపోవాలి, లేదంటే తొమ్మిదిలో. ఎనిమిదిలో గడప దాటించరు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు. బైబిల్లో లేని ఆచారాలను వారం వారం ఖండించే మా పాస్టరుగారు కూడా దీని జోలికి రాలేదు. తొమ్మిదో నెలలో అంత దూరం ప్రయాణం కుదరదని అత్త ముందే చెప్పింది. ఏడో నెల ఆ వారంతో అయిపోతుంది. చిన్నమ్మకు ఒక్కతే కూతురు. తొలి కాన్పు రెండోసారి రాదు.

అత్త ఫోను ముందుకు చాపింది. వీడియోలో ఒకాయన గ్రానైటు బండ మీద నిలబడి, ఇందులోంచి రేడియేషన్ వస్తుందని, కడుపులో బిడ్డకు మంచిది కాదని చెబుతున్నాడు. ఆయన మాత్రం ఆ బండ మీదే చెప్పులు లేకుండా నిలబడ్డాడు.

"పంపడానికి నాకేం ఇబ్బంది వదినా. మీ ఇంట్లో ఆ బండలే" అంది అత్త.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నిశ్చితార్థానికి రాయచోటి వచ్చినప్పుడు అత్త ఇల్లంతా తిరిగి చూసి, "ఇల్లు పాతదైనా బాగుండాది" అంది. చిన్నమ్మ ఆ మాటలో మొదటి సగం మాత్రమే విన్నది. టమాటా పంట అమ్మిన డబ్బుతో హాలు, పడకగది మొత్తం నున్నటి గ్రానైటు వేయించింది. ఇప్పుడు అదే అడ్డం.

"మా వాడు కొలుస్తాడు వదినా. వానికి మిషన్ ఉండాది" అంది చిన్నమ్మ. నన్ను కర్నూలుకు ఎందుకు రమ్మన్నదో అప్పుడు అర్థమైంది.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివాను. ఒక సోలార్ ప్లాంటులో సెన్సర్లు చూసే ఉద్యోగం. మీటరును కిట్టుగా కొని నేనే సోల్డరింగ్ చేసుకున్నాను. అరచేతిలో పట్టే డబ్బా, లోపల ఒక గాజు గొట్టం. రాళ్లలోంచి, మట్టిలోంచి, ఆకాశంలోంచి అన్ని చోట్లా ఎప్పుడూ కొంత రేడియేషన్ వస్తూనే ఉంటుంది. అది గొట్టానికి తగిలినప్పుడల్లా టిక్కుమంటుంది. టిక్కులను లెక్కబెట్టి గంటకు ఇన్ని మైక్రో సీవర్టులు అని తెర మీద చూపిస్తుంది. చవకరకం కాబట్టి ఒక చోటును ఇంకో చోటుతో పోల్చడానికే పనికొస్తుంది. సెలవు రోజుల్లో బండి మీద తిరిగి కొండలు, వాగులు, బస్టాండ్లు కొలవడం నాకు అలవాటు. అప్పటివరకు ఎవరూ కొలిచిపెట్టమని అడగలేదు.

ముందు కర్నూలు ఇల్లు కొలుస్తానన్నాను, పోల్చడానికి ఒకటి ఉండాలి కాబట్టి. కింద బేతంచెర్ల బండలు. అవి సున్నపురాయి జాతి. మీటరును చెల్లెలి మంచం మీద పెట్టి అరగంట సగటు తీస్తానని చెప్పాను. అందరూ చుట్టూ కూర్చున్నారు. మాట్లాడితే లెక్క తప్పుతుందేమోనని అత్త టీవీ ఆపించింది. బావ దగ్గబోయి ఆపుకున్నాడు. మాట్లాడవచ్చని నేను చెప్పినా ఎవరూ నమ్మలేదు.

టిక్.

"ఇదెవురిది?" అని గుసగుసగా అడిగింది అత్త.

"ఎవరిదీ కాదత్తా. నేలలోంచి వచ్చింది."

"నేను కదిల్తినని కాదు గదా?"

కాదన్నాను. అయినా మిగతా సమయమంతా ఆమె కదలలేదు. సగటు 0.13 వచ్చింది.

మరుసటి రోజు రాయచోటి పోయాను. నేను వెళ్లేసరికి చిన్నమ్మ పడకగది నేలను ఫినాయిలుతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ కడిగి, దాని మీద రెండు జంపఖానాలు పరిచి ఉంచింది. జంపఖానాలు తీయమన్నాను. తీస్తూ నా వైపు చూడలేదు. రాయచోటి నేల అడుగంతా గ్రానైటు జాతి రాయే కాబట్టి ఇంట్లో వేసిన బండ పెద్దగా కలిపేది ఉండదని నా అంచనా. బయట వాకిట్లో 0.22. పడకగదిలో, మంచం మీద, అరగంట సగటు 0.25.

"కర్నూల్లో ఎంత?" అని అడిగింది, ఆమెకు తెలిసినా.

"సున్నా పాయింట్ ఒకటి మూడు."

"దీంట్లో రెండు తీసేసి ఒకటి పెట్టు నాయనా. పాయింట్ ఒకటి ఐదు. ముందర సున్నానే ఉండాది గదా, ఎవురు చూస్తారు."

"కుదరదు చిన్నమ్మా."

"బేరం కూడా లేదా నీ మిషన్‌లో?"

లేదన్నాను. చిన్నాయన అప్పటిదాకా గడప దగ్గర నిలబడి వింటున్నాడు. ఆయన మాట్లాడేది తక్కువ. "బండలు పీకిపిస్తా. మేస్త్రీకి ఫోన్ చేస్తా" అన్నాడు. బండలు పీకినా కింద ఉండేది అదే రాయి అని చెప్పాను. "అయితే యాడికి పోయి పీకాల్రా?" అన్నాడు. చిన్నమ్మ జంపఖానాలు మళ్లీ పరిచింది. గోడకు ఆనించి ఉన్న కొత్త ఉయ్యాల గొలుసులను తుడుస్తూ కూర్చుంది. వాటికి దుమ్మేమీ లేదు.

రెండు అంకెలనూ అత్తకు ఫోనులో చెప్పాను. చిన్నమ్మ పక్కనే ఉంది, స్పీకరు పెట్టించింది.

అత్త, "ఒకటిన్నర లోపలే గదప్పా?" అంది.

మా వైపు ప్రతి ఇంటికీ తెలిసిన అంకె ఒకటుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పండ్లు గారపడతాయి, కీళ్లు పట్టేస్తాయి. ఇంటి అమ్మకానికైనా, సంబంధానికైనా, ఆ ఊరి నీళ్ల అంకె అడగడం మామూలే. ఏది కొలిచినా మా వాళ్లు ఆ ఒకటిన్నర పక్కన పెట్టి చూస్తారు.

చిన్నమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుంది. అవునను అని దాని అర్థం.

"అది నీళ్ల లెక్క అత్తా. దీనికి వర్తించదు. దీని కొలత వేరు" అన్నాను.

మోచేయి వదిలేసింది. "అయితే మా ఇంటికి రెండింతలు అన్నమాట" అంది అత్త.

సుమారుగా అంతే అని ఒప్పుకున్నాను. తర్వాత చెప్పవలసినవన్నీ వరుసగా చెప్పాను. ఒకటి, రెండూ మామూలు అంకెలే. రెండు, ఇలాంటి రాతి నేల మీద తరతరాలుగా జనం బతుకుతున్నారు, పిల్లల్ని కంటున్నారు. మూడు, డాక్టరమ్మ చెల్లెలికి రక్తం తక్కువుందని మాత్రలు రాసింది గాని బండల మాట ఎత్తలేదు. నాలుగోది మొదలుపెట్టేలోపల అత్త అడ్డుపడింది.

"నువ్వు చదువుకున్నోడివి, నువ్వు చెప్తే నిజమే అయి ఉంటాది. కానీ రెండింతలు అని తెలిసినాక యెట్ల పంపేది?" అంది. కోపంగా అనలేదు. తర్వాత, ఫోను పెట్టేసే ముందు, వేరే ఎవరో అడిగినట్టు అడిగింది. "మా పుట్టిల్లు పత్తికొండ దగ్గరే. ఆడ ఎంతుంటాది?"

కొలవకుండా చెప్పలేనన్నాను.

"కొలువు మరి."

పత్తికొండ టమాటా మార్కెట్టు దగ్గర అత్త తమ్ముడు నా కోసం ఎదురుచూస్తున్నాడు. బండి వెనక ఎక్కి దారి చూపించాడు. దారిలో అడిగాడు.

"ఏమప్పా, ఇది కొల్చేదానికి దుడ్లేమన్నా తీసుకుంటావా?"

"లేదు మామా."

"మరెందుకు కొలుస్తాండావు?"

ఇష్టం కొద్దీ అన్నాను.

పాత రాతి ఇల్లు. గోడలు గ్రానైటు దిమ్మెలు. లోపలి గదిలో ఇప్పుడు ఖాళీ టమాటా బాక్సులు పేర్చి ఉన్నాయి. ఆ గదికి ఒక ప్రత్యేకత ఉంది. ఇల్లు కట్టేటప్పుడు అక్కడున్న పెద్ద రాతి గుండును పగలగొట్టించడానికి ఖర్చవుతుందని, దాన్ని అలాగే ఉంచి చుట్టూ గోడ లేపారు. గది మూలలో నడుమెత్తు గుండు నేలలోంచి పొడుచుకొచ్చి ఉంది. పైభాగం కూర్చుని కూర్చుని నున్నగా అయింది.

"మా అక్క ముగ్గుర్నీ ఈ రూములోనే కనింది" అన్నాడు ఆయన. "మంచం ఈ గుండుకు ఆనించే ఏస్తుండె. చల్లగుంటాదని మా యమ్మ బిడ్డల్ని దీని మీదనే పండబెడతాండె. మీ బావ దీని మింద నుంచే కింద పడినాడు. గడ్డం కింద మచ్చ సూసుంటావు."

చూశానన్నాను. బాక్సులు జరిపి, మంచం ఉండే చోట స్టూలు వేసి, దాని మీద మీటరు పెట్టాను. ఆయన గుండు మీద కూర్చున్నాడు. టిక్కులు కర్నూలులో కంటే దగ్గర దగ్గరగా వస్తున్నాయి. అది ఆయనకూ తెలిసింది.

"లీకవుతాందా?"

"లేదు మామా. రాయి స్వభావం అంతే."

"ఎంతొచ్చింది?"

"సున్నా పాయింట్ రెండు తొమ్మిది."

"ఎక్కువా, తక్కువా?"

"ఇప్పటిదాకా కొలిచిన మూడు ఇళ్లలో ఇదే ఎక్కువ."

ఆయన గుండును అరచేత్తో ఒకసారి చరిచాడు, కొన్న ఎద్దును చరిచినట్టు.

ఆ సాయంత్రమే కర్నూలు వెళ్లి అత్తకు ఎదురుగా కూర్చుని చెప్పాను. ఫోనులో చెప్పే అంకె కాదనిపించింది. ఆమె భయపడుతుందేమో అనుకున్నాను. ఏం చెప్పాలో దారిపొడుగునా వరుసలో పెట్టుకున్నాను కూడా. అవసరం రాలేదు.

"మళ్లీ చెప్పు" అంది.

"పాయింట్ రెండు తొమ్మిది."

"రాయచోటిది?"

"పాయింట్ రెండు ఐదు."

"అయితే మాదే ఎక్కువ."

"అవునత్తా."

"గుండు దగ్గరేనా పెట్టింది?"

"మంచం ఉండే చోటే అని మామ చూపించినాడు."

బావ పక్క గదిలోంచి, "అందుకేనేమో నేనిట్ల తయారైంది" అన్నాడు.

"నువ్వు తయారైంది మీ నాయన పోలిక. మా ఇంటికి పేరు పెట్టొద్దు" అంది అత్త. ఫోను తీసి వీడియో కోసం వెతికింది. దొరికాక చూడలేదు, తీసేసింది. "మా యమ్మ చేతిమీద ముగ్గురు పుట్టినారు ఆడ. ఒక్కరికీ ఏమీ కాలే. ఎవురొచ్చి ఆ ఇల్లు మంచిది కాదని చెప్తారో చెప్పమను" అంది. ఎవరినీ ఉద్దేశించి అన్నట్టు లేదు. కాసేపటి తర్వాత లేచి, అల్మరా పైనుంచి కోడలి సూట్‌కేసు దించమని కొడుకును పిలిచింది.

ఇదే తర్కం రాయచోటి గ్రానైటుకూ వర్తిస్తుందని నేను ఫోనులో రెండో అంశంగా చెప్పి ఉన్నాను. ఆ సంగతి గుర్తు చేయలేదు. చిన్నమ్మకు ఫోన్ చేసి, గురువారం బండి మాట్లాడుకోమని మాత్రం చెప్పాను. "ఆ మిషన్‌కు దండం పెడతా నాయనా" అంది. మిషన్ చేసిందేమీ లేదని చెప్పబోయేలోపల ఫోను చిన్నాయన చేతికి వెళ్లింది. మేస్త్రీ రేపు వస్తానన్నాడని, ఏమని చెప్పాలని అడిగాడు. వద్దని చెప్పమన్నాను.

ఏడో నెల దాటకముందే చెల్లెలు రాయచోటి చేరింది. అత్త ఒక షరతు పెట్టింది: మీటరు కాన్పు అయ్యేదాకా ఆ మంచం దగ్గరే ఉండాలి. అది ఉన్నా లేకపోయినా వచ్చేది వస్తుందని చెప్పాను. "థర్మామీటరు కూడా జరం తగ్గియ్యదు. ఇంట్లో పెట్టుకుంటాం లే" అంది. మీటరు ఇచ్చేశాను.

ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు అత్త కర్నూలు నుంచి వచ్చింది. చెప్పులు గడప బయట విడిచి, జంపఖానాలు లేని గ్రానైటు మీద నడుచుకుంటూ వచ్చి ఉయ్యాల పక్కన కూర్చుంది. చిన్నమ్మ బిడ్డను ఒడిలో పెట్టింది. బిడ్డ ముక్కు ఎవరి పోలిక అన్న దాని మీద ఇద్దరికీ కాసేపు మాటా మాటా నడిచింది. తేలలేదు.

తర్వాత అత్త నా వైపు తిరిగి, "పాప వచ్చినాక ఏమన్నా మారిందేమో చూడప్పా" అంది.

మనిషి శరీరంలో కూడా స్వల్పంగా రేడియేషన్ ఉంటుంది. మూడు కిలోల బిడ్డ కలిపేది ఈ మీటరుకు అందదు. అయినా ఉయ్యాల పక్కన పెట్టి అరగంట సగటు తీశాను. ఈసారి ఎవరూ మాటలు ఆపలేదు.

0.25.