కుర్చీలో కూర్చుని చూసిన గూడ్సు బండి

తొంభైల చివరి మాట. కలకత్తాలోని ఒక చిన్న కంపెనీ నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది. రైల్వే యార్డులో వ్యాగన్లను పరీక్షించేవాళ్లు కాగితం మీద రాసుకునే లోపాలను ఇకమీదట అరచేతిలో పట్టే చిన్న యంత్రంలో నొక్కాలి. ఆ ప్రోగ్రాం నేను రాయాలి. ఉన్న యంత్రం ఒక్కటే, అది కలకత్తాలో మా కంపెనీ పెద్దాయన బీరువాలో ఉంది. నాకిచ్చింది సిమ్యులేటరు. అంటే, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టరు ముందుగదిలో, కంప్యూటరు తెర మీద ఆ యంత్రం బొమ్మ కనిపించేది. మౌసుతో బొమ్మ మీది బటన్లు నొక్కితే అచ్చం అసలుదానిలాగే పనిచేసేది. నెల తిరిగేసరికి మా ఊరి నిమ్‌పురా యార్డులో పరీక్ష. అక్కడ బెడిసికొడితే నా ఉద్యోగం ఉండదని మొహమాటం లేకుండానే చెప్పారు.

నాకేమో పొగరు. వ్యాగను నంబరు, ఎడమవైపు, కుడివైపు, తరువాతి వ్యాగను. అబ్బో, ఎంత ముద్దుగా రాశానో! టీ చల్లారేలోగా బండి మొత్తం పరీక్షించేసేదాన్ని.

పక్క క్వార్టరులో ఉండే పెదనాన్న వరసకే పెదనాన్న. యార్డులో వ్యాగన్లు పరీక్షించి రిటైరైన మనిషి. ఎడమకాలు ఈడ్చి నడిచేవారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే కాబట్టి, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఒక సాయంత్రం గొప్పలు చూపిద్దామని ఆయన్ను పిలిచాను. మూడు వ్యాగన్లు చూసేసరికి ఆయన ముఖం మాడిపోయింది.

"ఎడం పక్క సూసిన ఎంటనే కుడి పక్క అడుగుతాంది. అటు ఎలాగెల్తాడు?"

నడిచి వెళ్తాడన్నాను. ప్రతి వ్యాగనుకీ అంత పొడుగు బండి చుట్టూ తిరిగి వెళ్తాడా అని అడిగారు.

"మాం ఒక పక్క సూసుకుంటా సివరి దాకా ఎల్తాం. రెండో పక్క సూసుకుంటా వొస్తాం. నీ మిషను సెప్పినట్టు సేస్తే మనిషి బళ్ల మద్దిన దూరాల. తీసెయ్యి."

ఒళ్లు మండిపోయింది నాకు. రోజుల తరబడి చేసిన చాకిరీ! ఆయనతో ఆ పూట మళ్లీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే ఆయనే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వారం పాటు ఆయన చెప్పడం, నేను మార్చడం. వెళ్లేటప్పుడు మొదటి వ్యాగను నుంచి, వచ్చేటప్పుడు చివరి వ్యాగను నుంచి. అమ్మ మరమరాలతో ఝాల్‌మురీ కలిపి ఇస్తే, ఆవనూనె వేళ్లతో మౌసు ముట్టుకోవద్దని ఆయన్ను కసురుకునేదాన్ని. పాపం, లుంగీకి తుడుచుకునేవారు.

పరీక్ష రోజున ఒక ఉద్యోగి అసలు యంత్రం పట్టుకుని బండి పక్కన నడిచాడు. చివరి వ్యాగను దగ్గర అవతలి పక్కకు తిరిగాడు. యంత్రంలో నంబర్లూ వెనక్కి తిరిగాయి. అతను ఎక్కడా తడబడలేదు. ఇది నీకెలా తట్టిందని పరీక్ష చూడ్డానికొచ్చిన రైల్వే అధికారి అడిగితే, సిమ్యులేటరులో బాగా పరీక్షించానని సిగ్గులేకుండా చెప్పాను. ఉద్యోగం నిలిచింది.

కానీ మనసొప్పలేదు. తిన్నగా పెదనాన్న దగ్గరికి వెళ్లి, మీ మాట ఎత్తలేదని ఒప్పుకున్నాను. ఆయనకది పట్టనే లేదు. బళ్ల మధ్య ఎవరూ దూరలేదు కదా అని మాత్రం అడిగారు. లేదన్నాను. ఆయన ఎడమ మోకాలు నిమురుకున్నారు.

"నాను ఒక్కసారే దూరినానమ్మా."

కళ్లనీళ్లు ఆగలేదు. ఆ కాలికి దణ్ణం పెట్టాను. నేను ఇన్నేళ్లుగా తింటున్న అన్నం ఆయన చలవే. మర్నాడు ఆ అధికారి దగ్గరికి మళ్లీ వెళ్లి, అది నాకు తట్టింది కాదని, ఎవరు చెప్పారో చెప్పి వచ్చాను.