తోమా సింహాలు

“ఇవి సింహాలేటి తోమా? బిస్కెట్ ఎయ్యమని సూస్తన్నాయి!”

“తోక సూడండి బాబూ, సివర కుచ్చుంది కదా!”

చర్చి గోడ ముందు సెక్రటరీ రాజ్ కుమార్ గారూ, పెయింటర్ తోమా తగువులాడుకుంటున్నారు. ఫ్లెక్సీకి కొలతలు తీసుకోడానికొచ్చిన బాబీ, టేపు పట్టుకుని హాయిగా వింటున్నాడు.

తోమా జబ్బు చోడవరమంతా ఎరిగిందే. చెరుకు ట్రాక్టరు మీద ఎద్దుని వేసేడంటే రంకె వినబడుతుంది. సింహాన్ని వేస్తే మాత్రం కుక్కే. చెవులు వాల్చుకుని, నాలుక బయటపెట్టిన ఊరకుక్క. మాడుగులలో హల్వా కొట్టు బోర్డు మీద ఒకటి వేసేడు. జనం దాన్ని కుక్కబొమ్మ కొట్టు అంటారు. రోలుగుంట జిమ్ము తలుపు మీద ఇంకోటి. కుర్రాళ్లు దాని తల నిమిరి మరీ లోపలికెళ్తారు.

బాబీ ఇంజినీరింగ్ మధ్యలో వదిలేసి ఫ్లెక్సీ షాపు పెట్టుకున్నవాడు. తోమా అంటే బొత్తిగా లెక్కలేదు. తన కంప్యూటర్లో రెండొందల సింహాలున్నాయని అందరికీ చెప్పుకుంటాడు. ఒక్కటీ నాలుక బయట పెట్టదు.

“ఆదివారం మన సండే స్కూల్ జ్ఞానకుమారి టీచర్ గారికి సన్మానం. దానియేలుని పడేసిన సింహాల గుహలో ఈ కుక్కలుంటే పరువు పోతాది. ఈ గోడకి సున్నం కొట్టించి ఫ్లెక్సీ కట్టించేస్తాను,” అనేసి రాజ్ కుమార్ గారు బండెక్కి వెళ్లిపోయేరు.

“నీకు బొమ్మలు నేర్పిందెవరు మావా? కుక్కేనా?” అన్నాడు బాబీ.

తోమా గొంతుక్కూర్చున్నాడు. బొగ్గుముక్క తీసి గచ్చు మీద నాలుగు గీతలు గీసేడు. జూలు విదిల్చుకుని సింహం లేచింది. బాబీ తెలీకుండానే ఓ అడుగు వెనక్కేసేడు.

“ఇంతొచ్చి, గోడ మీద ఆ కుక్కలేటి మావా?”

తోమా కాలితో బొమ్మ చెరిపేసేడు.

“సండే స్కూల్లో టీచర్ గారు దానియేలు కథ సెప్తా బోర్డు మీద సింహం గీసేరు. నేను సూసిన మొదటి బొమ్మదే. దాన్ని సూసే సుద్దముక్క పట్టేను. కానీ ‘కుక్క!’ అని ముందు అరిసిందీ నేనే. అందరూ నవ్వేరు. ఆవిడ సెరిపేసేరు. మరింక ఆవిడ బొమ్మ గియ్యలేదు.”

“అయితే?”

“పెద్దయ్యేక హల్వా కొట్టు మీద అదే ఏసేను. ఆవిడ మాడుగుల బస్సెక్కెళ్లి మరీ సూసొచ్చి, ‘ఒరే తోమా, అది నాదేరా!’ అని ఒకటే నవ్వు.”

బాబీ టేపు చుట్టేసేడు. “సెక్రటరీ గారు వినరు మావా. ఫ్లెక్సీ తప్పదు.”

“కట్టు. గోడ పోతే పోనీ. ఆ రెండొందల్లో ఏదీ ఎట్టకు బాబూ, ఈ సింహాలే ఫొటో తీసి ఎక్కించు. నాలిక మాత్రం కట్ చేసీకు.”