పేటెంటు అర్జీలో నా పేరు

యాభైలలో నేను ఆత్మకూరులో డ్రాయింగు మాస్టరుగా పనిచేసేవాణ్ణి. ఆదివారమైతే బస్సెక్కి ఉదయగిరిలో నా స్నేహితుడు ఖాదర్ సైకిల్ షాపుకు వెళ్లేవాణ్ణి. కిరసనాయిలు లేకుండా దీపం ఎలా వెలిగించాలా అని ఇద్దరం గంటల తరబడి మాట్లాడుకునేవాళ్లం. రెండేళ్లుగా నేను గాలిమరకు బొమ్మలు గీస్తూనే ఉన్నాను. ఖాదర్ మాత్రం ఒక్క నెలలో రేకులు కత్తిరించి, సైకిల్ డైనమో బిగించి, షాపు మిద్దె మీద గాలిమర నిలబెట్టి బల్బు వెలిగించాడు. చూడటానికి ఊరంతా వచ్చింది. అందరూ అతన్ని మెచ్చుకుంటుంటే నా కడుపు మండిపోయింది. ఆ బల్బు పగిలిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

అతనికి ఇంగ్లీషు రాదు. "అయ్యవారూ, పేటెంటుకు కలకత్తాకు అర్జీ మీరే రాయాల" అన్నాడు. రాశాను. కనిపెట్టినవాడి పేరు దగ్గర నా పేరు పెట్టాను.

బడికి సెలవు పెట్టి వెళ్లి, ఇద్దరం ఉదయగిరి పోస్టాఫీసులో కవరు అంటించబోతుంటే, ఖాదర్ ఆ అర్జీ కాగితం తీసుకుని పోస్టుమాస్టరుకు ఇచ్చాడు. "ఏం రాసినారో చదివి తెలుగులో చెప్పండి సార్, వినాలని ఉండాది" అన్నాడు.

పోస్టుమాస్టరు చదివి, "ఇందులో నీ పేరే లేదేందయ్యా?" అన్నాడు.

ఖాదర్ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. "బొమ్మ గీసింది అయ్యవారే గదా సార్. పక్కన నా పేరు గూడా రాస్తే చాలు" అన్నాడు.

ఆ కాగితం అక్కడే చింపేసి, అతని ఒక్కడి పేరుతోనే మళ్లీ రాశాను. అలాంటి యంత్రాలు ఇదివరకే ఉన్నాయని కలకత్తా నుంచి జవాబు వచ్చింది. ఖాదర్ నవ్వేసి ఊరుకున్నాడు. నేను చేసిన పని గురించి మాత్రం ఎప్పుడూ మాటెత్తలేదు. ఆ రోజు అందరి ముందూ నన్ను తిట్టి ఉంటే, ఈపాటికి మరచిపోయి ఉండేవాణ్ణి.