క్యూఆర్ కోడ్‌కు బొట్టు పెట్టిన శుక్రవారం

పిడికెడు పసుపుతో ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టబోయిన ఘనుణ్ణి మీరు చూసి ఉండరు. చూడండి, నేనే.

మా తిరుపతి స్మార్ట్ సిటీ అవుతోందని విన్నప్పటి నుంచీ నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఒకరోజు మా వీధిలో ప్రతి ఇంటి గుమ్మం పక్కనా క్యూఆర్ కోడ్ స్టిక్కర్ అంటించి వెళ్ళారు. చెత్త ఎత్తే మునెమ్మ రోజూ బుట్ట ఖాళీ చేసి, తన ఫోన్‌ను దానికి చూపిస్తుంది. అది కుయ్‌మంటుంది. ఆ క్షణమే నా ఫోన్‌లో ‘మీ ఇంటి చెత్త తీసుకున్నాం’ అని పచ్చగా వెలుగుతుంది. మా ఇంటి అరటి తొక్క సంగతి ఎక్కడో ఆఫీసులో గోడంత తెర మీద తెలిసిపోతుందట. నాకు ఒళ్ళు పులకరించింది.

ఆ శుక్రవారం మా ఆవిడ సుజాత గడపకు పసుపు రాస్తుంటే గిన్నె లాక్కున్నాను. కొత్త స్కూటర్‌కు బొట్టు పెడతాం, గ్రైండర్‌కు పెడతాం. ఇంత మహిమ గల దానికి పెట్టకపోతే ఎలా? స్టిక్కర్ నాలుగు మూలలా పసుపు, నడిమధ్య రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టాను.

మర్నాటి నుంచి ఫోన్ ఎర్రబడింది. ‘చెత్త తీసుకోలేదు.’ మూడు రోజులు అదే వరస.

“మునెమ్మ పని ఎగ్గొడతా ఉండాది,” అన్నాను.

“బుట్ట ఖాళీగా ఉండాది గదా. పొద్దున నేనే ఇచ్చినాను,” అంది సుజాత.

“ఫోన్‌లో లేదు సూడు.”

“మీ కండ్లతో మీరే సూస్తా ఉండారు గదా.”

“కండ్లు పొరపాటు పడతాయి. ఇది సర్కారు యాప్.”

ఖాళీ బుట్టను పక్కన పెట్టుకుని, చెత్త తీయడం లేదని యాప్‌లో ఫిర్యాదు రాశాను. నవ్వండి, నేనేమీ అనుకోను.

గంటలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ మా గుమ్మంలో ఉన్నాడు. ఆ వేగానికి నోరెళ్ళబెట్టాను. ఆయన వెనకే మునెమ్మ, ముఖం పాలిపోయి నిలబడింది.

“మూడు దినాలు ఈ ఇల్లు ఎగరగొట్టినావు. ఈ పొద్దుతో నీ పని సరి,” అన్నాడాయన ఆమెతో.

“దినామూ ఎత్తినాను సార్. ఫోనే పలకలేదు.”

ఆయన తన ఫోన్ పెట్టి చూశాడు. కుయ్ లేదు, కయ్ లేదు. వంగి చూశాడు.

“దీనికి కుంకుమ ఎవురు పెట్టింది?”

బళ్ళో పిల్లాడిలా మెల్లగా చెయ్యెత్తాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, మునెమ్మ వైపు తిరిగాడు.

“నువ్వన్నా తుడిసి పెట్టుకోవచ్చు గదమ్మా.”

“ముత్తైదువ ఇంటి గడప కాడ కుంకుమ నా చేత్తో యాడ తుడిసేది సార్? నా పని పోతే పోనీ, ఆయమ్మకు మంచిది కాదు.”

సిగ్గుతో చచ్చిపోయాను. అంతవరకు యాప్‌ను చూసి అబ్బురపడిన నేను, ఆ మనిషి మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

“నేను తుడిస్తే ఏం కాదులే,” అంటూ సుజాత తడిగుడ్డ తెచ్చింది. స్టిక్కర్ బయటపడింది, ఫోన్ కుయ్‌మంది. ఇన్‌స్పెక్టర్ అక్కడే నిలబడి ఏదో టైప్ చేశాడు. నా ఫోన్‌లో సందేశం వచ్చింది: ‘మీ ఫిర్యాదు పరిష్కారమైంది. కారణం: ఫిర్యాదుదారుని భక్తి.’

అందుకని, ఏడుకొండల వైపు తిరిగి చెంపలేసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో బుట్టలోకి చూడకుండా ఫోన్‌లోకి చూడను. సర్కారు అంటించిన దేనికీ బొట్టు పెట్టను. దండం పెట్టక తప్పదనిపిస్తే మునెమ్మకే పెడతాను, అదీ ఆమె చూడకుండా.