ఉలిగమ్మక్కకు నచ్చని క్యాసెట్టు

నిన్న సాయంత్రం వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతుంటే మనవడి గదిలోంచి దబదబమని మోత, దాని మీద ఊపిరి పీల్చుకోకుండా మాటలు దంచుతున్న ఓ గొంతు వినిపించాయి. ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ ఆ ఊపుకు నా చేతులు వేగం పుంజుకున్నాయి. వెళ్లి చూస్తే వాడు మంచం మీద మొహం ముడుచుకుని కూర్చున్నాడు. ఇది పాత పాటట. ఈ ర్యాప్ పాటగాడు ఇన్నేళ్లూ జట్టుతో పాడి, నెత్తి నెరిశాక ఇప్పుడు తానొక్కడే ఓ ఆల్బమ్ చేశాడట, అది వింటే ఏడుపొస్తోందట. "మమ్మల్ని మోసం చేసినాడవ్వా" అన్నాడు, సొంత మేనమామ పెళ్లికి పిలవనట్టు. నాకు నవ్వు ఆగలేదు, వాడికి కోపం ఆగలేదు. నేను నవ్వింది వాడిని చూసి కాదు, ఎమ్మిగనూరులో మా పక్కింటి ఉలిగమ్మక్క గుర్తొచ్చి. ఆ సంగతి చెప్పాలంటే చాలా చెప్పాలి, వినే ఓపిక వాడికి లేదు.

డెబ్బైల చివర్లో మద్దికెర నుంచి కొత్త కోడలిగా ఎమ్మిగనూరు చేరాను. మా ఆయన బడిపంతులు. మేం అద్దెకు దిగిన వీధంతా మగ్గాలే, తెల్లవారింది మొదలు టకటకమంటూ ఉండేవి. పక్కింట్లో మగ్గం రుద్రప్పది, నోరు ఆయన భార్య ఉలిగమ్మక్కది. ఆమె అరుగు మీద కూర్చుని రాట్నంతో నూలు కండెలు చుడుతూ వీధి మొత్తానికి తీర్పులు చెప్పేది. నా పప్పులో పులుపు చాలదనీ, మా ఆయన నడకలో చురుకు లేదనీ మొదటి వారంలోనే తేల్చేసింది. బాగున్నదాన్ని బాగుందని చెప్పడానికి మాత్రం ఆమెకు నోరు రాదనుకునేదాన్ని, ఆ ఏడు జాతరలో ఈరన్న బుర్రకథకు తీసుకెళ్లేదాకా.

ఈరన్నది ఆదోని. సాయంత్రం ఎండ తగ్గాక మొదలుపెట్టేవాడు. భుజాన తంబురా వేసుకుని మధ్యలో ఆయన, అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ నరసప్ప, హుసేని. ఈరన్న మాట ఎత్తుకుంటే గింజలు ఒలికినట్టు పడేది. ఎక్కడ ఊపిరి తీసుకునేవాడో ఎవరికీ తెలిసేది కాదు. రాజుగారు గుర్రమెక్కారని ఆయన అంటే, దిగేటప్పుడు నిచ్చెన వేశారా అని నరసప్ప అడ్డు తగిలేవాడు, జనం పొట్టలు పట్టుకునేవాళ్లు. నేను సిగ్గుపడి ఆడవాళ్ల గుంపులో వెనక్కి జరిగితే అక్క రెక్క పట్టి ముందుకు లాక్కుపోయింది. వెనక కూర్చుంటే జనం కనపడతారు, ముందర కూర్చుంటేనే కథ కనపడుతుందని ఆమె లెక్క. కథలో రాజు బిడ్డను పోగొట్టుకునే ఘట్టం వచ్చేసరికి ఇంత నోరున్న మనిషీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏటా అక్కడే ఏడుస్తుందని తర్వాత తెలిసింది. ఏటా జాతరకు ముందు ఆదోని వెళ్లి, ఆకువక్క ఇచ్చి ఈరన్న జట్టును వీధి తరఫున పిలిచి వచ్చేది కూడా ఆమే. ఆకువక్క పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే.

ఎనభైల మధ్యలో ఈరన్న క్యాసెట్టు వచ్చింది. టేపురికార్డరు వీధిలో మా ఇంట్లోనే ఉండేది కాబట్టి ఆదివారం మధ్యాహ్నం అందరూ మా ఇంట్లోనే చేరారు. అట్ట మీద ఈరన్న ఒక్కడే ఉన్నాడు. తక్కిన ఇద్దరూ ఏరని అప్పుడే అక్క అనుమానపడింది. మీట నొక్కగానే ఏదో కరెంటు వాయిద్యం రాగం తీసింది, తర్వాత ఈరన్న గొంతు వచ్చింది, మెల్లగా, ఒక్కో మాటకూ మధ్యలో మనం లేచి నీళ్లు తాగి రావచ్చు అన్నంత మెల్లగా. సెల్లులు అయిపోయాయని రుద్రప్ప అన్నాడు. నిజమేననిపించింది, అవి అయిపోతే టేపు అట్లాగే ఈడుస్తుంది. ఎవరో పరుగున పోయి కొత్త సెల్లులు తెచ్చారు. వేసి చూస్తే అంతే మెల్లగా ఉంది. పక్క మార్చాం. అక్కడా అంతే. రాజు లేడు, గుర్రం లేదు, ఒక్క జోకు లేదు. చిన్నప్పుడు కరువులో అమ్ముకున్న ఎద్దు గురించీ, ఆ ఎద్దు వెనక్కి తిరిగి చూసిన చూపు గురించీ ఈరన్న పాడుతున్నాడు. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. అక్క మాత్రం ఆ పెట్టె వంక చూస్తూ కూర్చుంది. జట్టులో తగాదా వచ్చి ఉంటుందని, వెళ్లి సర్దాలని చివరికి నిర్ణయించింది. అది సర్దకపోతే జాతరలో కథ లేదు. ఆమెకు కథ లేని జాతర ఏం జాతర?

ఆదోనికి తోడుగా నన్ను తీసుకెళ్లింది. బస్సు దిగి, పత్తి బండ్లను తప్పించుకుంటూ ఈరన్న ఇల్లు చేరాం. అక్క గుడ్డ మూటలో ముగ్గురికీ మూడు జతల ఆకువక్క తెచ్చింది. ఈరన్న మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, క్యాసెట్టు విన్నారా అని ఉత్సాహంగా అడిగాడు. అక్క దానికి జవాబు చెప్పకుండా ఆ ఇద్దరితో తగాదా ఎందుకొచ్చిందని అడిగింది. తగాదా ఏమీ లేదన్నాడు. నరసప్ప నిన్నే వచ్చి వెళ్లాడట, హుసేని ఆ వీధి చివరే ఉంటాడట. ఎవరి తప్పూ లేకపోయేసరికి అక్కకు ఏం సర్దాలో తోచలేదు.

"ముప్పై ఏండ్లు రాజుల కథలు చెప్పినానమ్మా. ఒక్కతూరి నా కథ చెప్పుకుందామని పాడినా. దానికి ఆ ఉరుకులాట ఏంటికి?" అన్నాడు ఈరన్న.

అక్క మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. ఆమె గొంతు అంత చిన్నగా రావడం అంతకు ముందు నేను వినలేదు.

"రాజు ఏడ్సినప్పుడు మేమంతా ఏడ్సినాం కదప్పా. నువ్వు ఏడ్సలేదా?"

"ఏడ్సేకి టైము యాడిదమ్మా? తాళం యాడ తప్పుతాదో అని సూసుకుంటాంటి."

ఆయన దాచకుండా చెప్పాడు, నవ్వుతూనే చెప్పాడు. అక్క మొహం చూడలేక నేను తల వంచుకున్నాను. తర్వాత ఆమె మూట విప్పి ఆకువక్క ముందు పెట్టింది. ఈరన్న ఒక్క జత తీసుకుని మిగతా రెండూ ఆమె వైపు జరిపాడు. వస్తే ఒక్కడినే వస్తాననీ, ఈ పాటలే పాడతాననీ, వద్దంటే బాధపడననీ అన్నాడు. అక్క ఆ ఒక్కటీ వెనక్కి తీసుకుంటుందనే అనుకున్నాను, తీసుకోవాలనే కోరుకున్నాను కూడా. వీధిలో నలుగురికీ జవాబు చెప్పుకోవాల్సింది ఆమే. చేయి ఆకుల దాకా వెళ్లింది. మిగిలిన రెండు జతలే మూట కట్టుకుని లేచింది.

తిరుగు బస్సులో అక్క కోసిగి వైపు వెళ్లే దారి దాటాక నా వైపు తిరిగి, "అయితే మనం ఇన్నేండ్లు ఏడ్సింది ఎవరి కోసరమ్మే?" అంది. తర్వాత కిటికీలోంచి చేలవైపు చూస్తూ ఉండిపోయింది. ఆమెను అంత అయోమయంలో చూసింది అదే మొదటిసారి. నాకు భయమేసింది. ఆ వీధిలో నాకు ఏది మంచో ఏది చెడ్డో ఆమె చెబితేనే తెలిసేది మరి.

జాతర రోజు ఈరన్న జట్టు లేకుండా, కరెంటు పెట్టె వాయించే మనిషిని ఒక్కడినే వెంటబెట్టుకుని వచ్చాడు. తంబురా లేదు, కుర్చీలో కూర్చుని పాడాడు. మొదటి పాటకు జనం మర్యాదగా ఉన్నారు. రెండో పాటకు నరసప్ప యాడని కుర్రాళ్లు కేకలేశారు. మూడో పాటకు చాపలు ఖాళీ అవుతూ వచ్చాయి. పిలిచిన పాపానికి మమ్మల్ని చూసి గొణుక్కుంటూ పోయారు, రుద్రప్ప కూడా తుండు దులుపుకుని లేచాడు. నేనూ లేవబోయాను గానీ అక్క కదల్లేదు. మొహం గంటు పెట్టుకుని, కాళ్లు మడుచుకుని, ఒక్క మాటా పోనీయకుండా విన్నది. ఎద్దు పాటలో ఈరన్నకు గొంతు పూడుకుపోయింది. కరెంటు పెట్టె వాయించే మనిషి ముందుకు వెళ్లిపోయాడు, ఈయన వెనకబడిపోయాడు, కళ్లు తుడుచుకుని మళ్లీ అందుకున్నాడు. ఇన్నేళ్లలో ఈరన్న తాళం తప్పడం అదే మొదటిసారి చూడటం. అక్క కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

పాట ముగిశాక ఆయన దిగి నేరుగా ఆమె దగ్గరకు వచ్చాడు. ఎట్లుందమ్మా అని అడిగాడు. ఆ ఒక్క మాట కోసమే నిలబడి ఉన్నాడని నాకే తెలుస్తోంది. అబద్ధం చెప్పమని మనసులో అక్కను వేడుకున్నాను.

"నాకి నచ్చలేదప్పా" అంది.

"అందరూ లేసిపోయినా కూసునే ఉంటివే?"

"నువ్వు పాడతాంటివి కదా" అంది అక్క, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

ఈరన్న రెండు చేతులూ ఎత్తి ఆమెకు దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ దండంలో ఉన్నది కృతజ్ఞతా, ఇక రానని చెప్పడమా, మేం ఇంటికి పోయేదాకా ఆలోచించినా తేలలేదు. మళ్లీ ఏడు ఆయన రాలేదు. ఆ మళ్లీ ఏడూ రాలేదు. ఉలిగమ్మక్క ఆ సంగతి ఎత్తలేదు, ఆకువక్క పట్టుకుని ఇంకెవరింటికీ పోలేదు.

ఆ తర్వాత నాకు నచ్చని పనులు నావాళ్లు ఎన్నో చేశారు. మా ఆయన ఉన్నట్టుండి ఉద్యోగం మాని సేద్యం అన్నాడు. కొడుకు మాకు చెప్పకుండా పెళ్లి చేసుకున్నాడు. నచ్చలేదని ఇద్దరికీ మొహం మీదే చెప్పాను, లేచి మాత్రం పోలేదు, కడదాకా కూర్చున్నాను. అట్లా కూర్చోవడం నేర్పింది ఉలిగమ్మక్కే. అది ఎదుటి మనిషికి ఓదార్పో, శిక్షో మాత్రం ఆమె చెప్పలేదు. నేను కూర్చునే ఉన్నాను, నాకింకా తెలియలేదు.